స్విచ్ ముట్టుకోరాదు

“మూడోసారి, మావయ్యగారూ. ఇది మూడోసారి!”

“మూడోసారైతే ఏవిటమ్మా? పని చేస్తోందా లేదా, అది చూడు. ప్లగ్గు పీకాను, పది అంకెలు లెక్కపెట్టాను, మళ్ళీ పెట్టాను. లక్షణంగా లేచి కూర్చుంది.”

“అది లేవకూడదనే కదండీ నా తాపత్రయమంతా!”

దక్షిణామూర్తి బెండకాయ తరగడం ఆపి కోడలి వైపు జాలిగా చూశాడు. పొద్దున్న కాఫీల దగ్గర మొదలైన వాదన టిఫిను దాటి కూరగాయల దాకా వచ్చింది. ఇద్దరిలో ఒక్కరూ తగ్గలేదు. వంటింట్లోంచి భార్య వసంతలక్ష్మి గొంతు వినిపించింది.

“ఆ ముక్కలు ఈ పూటకి అవుతాయా, లేక పెట్టె సంగతి తేలాకేనా?”

గొడవంతా హాల్లో టీవీ పక్కన కూర్చున్న నల్లటి ఇనప్పెట్టె గురించి. అది కోడలు కోమలి పనిచేసే హైదరాబాదు కంపెనీ వాళ్ళ సరుకు. ఫ్యాక్టరీలో యంత్రాలు పంపే సమాచారాన్నంతా ఒకచోట చేర్చి, ఎవరికి కావలసింది వాళ్ళకి అందించడం దాని పని. దాని లోపల నెట్‌వర్కు కార్డుకీ, మొత్తాన్నీ నడిపించే కెర్నెల్‌కీ మధ్య సంధానం చేసే డ్రైవరు ప్రోగ్రాము కోమలిది. పెళ్ళయి సూరత్ వచ్చాక కూడా, అడాజణ్‌లో ఈ ఫ్లాటులో కూర్చునే ఆ పని చేస్తోంది.

సూరత్ శివార్లలోని సచిన్‌లో ఒక బట్టల ప్రింటింగ్ మిల్లు ఈ పెట్టెని కొనుక్కుంది. రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక దానికి చెవుడు వస్తోంది. తీగ బాగానే ఉంటుంది, పచ్చలైటు మిణుకుమిణుకుమంటూనే ఉంటుంది, కానీ ఒక్క ముక్క లోపలికి పోదు. ఎవరో వెళ్ళి ఆపి మళ్ళీ వేస్తే మర్నాటి దాకా దివ్యంగా ఉంటుంది. కోమలి పై అధికారి జితేందర్‌కి ఓపిక అయిపోయింది. శుక్రవారం సాయంత్రంలోగా కారణం తేలకపోతే, గంటకోసారి పెట్టె తనంతట తానే రీస్టార్ట్ అయ్యేలా చిన్న ప్యాచ్ రాసి అన్ని ఫ్యాక్టరీలకీ పంపించేస్తానన్నాడు. డ్రైవరు కోమలిది కాబట్టి ప్యాచ్ మీద పేరూ ఆమెదే ఉంటుంది.

గంటకోసారి మిల్లు మొత్తానికి కళ్ళు మూసేసే ఆ ఏర్పాటు తన పేరుతో బయటికెళ్ళడం కోమలికి సుతరామూ ఇష్టం లేదు. అందుకే అలాంటి పెట్టెనే ఇంటికి తెచ్చి, ఇంట్లో ఇంటర్నెట్ మొత్తం దాని గుండా నడిపిస్తోంది. మొదటిసారి సాయంత్రం టీవీ, ఫోన్లు అన్నీ ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు వదిన మొహంలో వెలిగిన సంతోషం చూసి ఆడపడుచు శ్రీలేఖ హడలిపోయింది. అయితే ఆ సంతోషం రెండు నిమిషాలే. లాప్‌టాప్ తెచ్చుకునేలోగా వార్తల వేళ దాటిపోతోందని మావగారు ప్లగ్గు పీకేశాడు. తర్వాత రెండుసార్లూ అంతే.

కోమలి ఆయనకి ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, తనూ ఓ కత్తిపీట అందుకుంది.

“మావయ్యగారూ, మా పెళ్ళి రిసెప్షన్‌లో మీరు మా నాన్నగారికి ఒక బాయిలర్ కథ చెప్పారు, గుర్తుందా?”

దక్షిణామూర్తి మొహం విప్పారింది. హజీరాలో ఒక ప్లాంటు కంట్రోల్ రూములో పాతికేళ్ళు షిఫ్ట్ ఇన్‌చార్జిగా చేసి నిరుడే రిటైరయిన మనిషి. ఆ కథ అడిగితే నిద్రలో కూడా చెప్తాడు.

“గుర్తు లేకేం! ట్రిప్ అయి దానంతటదే ఆరిపోయిన బాయిలర్‌ని వెంటనే వెలిగించమన్నాడు జనరల్ మేనేజరు. ఎందుకు ట్రిప్ అయిందో తేలందే వెలిగించనన్నాను. రాసిమ్మన్నాడు. రాసిచ్చాను.”

“ఆయన ప్లగ్గు పీకి పది అంకెలు లెక్కపెట్టమనలేదా?”

వంటింట్లో వసంతలక్ష్మి కిసుక్కుమంది. దక్షిణామూర్తి చేతిలో బెండకాయ పక్కన పెట్టాడు. లేచి లోపలికెళ్ళాడు. బీరువా తెరిచిన చప్పుడు, ఏదో వెతికిన చప్పుడు. తిరిగొచ్చేసరికి చేతిలో ఎర్రటి అట్టముక్క ఉంది. ప్లాంటులో మరమ్మతులు జరిగేటప్పుడు స్విచ్‌కి కడతారే, ఆ రకం. దానిమీద లావుపాటి అక్షరాలతో ‘స్విచ్ ముట్టుకోరాదు’ అని రాసి, కింద సంతకం పెట్టి, నోము తోరాల కోసం ఉంచిన పసుపు దారంతో ప్లగ్గుకి కట్టేశాడు.

“ఇంక ఇది తీసేదాకా నేను కూడా ముట్టుకోను,” అన్నాడు. “వార్తలు పోతే పోయాయి.”

“సీరియల్ పోతే?” అంది వసంతలక్ష్మి.

“అదీ పోతుంది.”

ఆ రోజు బుధవారం. సాయంత్రం పెట్టె మామూలుగానే మూగబోయింది. టీవీలో అత్తగారొకావిడ నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. గదిలోంచి శ్రీలేఖ, “అరే యార్!” అని అరిచింది. దక్షిణామూర్తి కుర్చీ తెచ్చుకుని పెట్టె పక్కన వేసుకుని, ప్లగ్గుకి కాపలా కూర్చున్నాడు. కోమలి నేరుగా పెట్టెకే ఒక తీగ తగిలించి లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది.

“ఏం చూస్తున్నావో చెబుతూ చూడమ్మా,” అన్నాడాయన. “నాకూ కాలక్షేపం.”

“లోపల కొన్ని బఫర్లుంటాయండీ. బయట్నించి వచ్చే ఒక్కో ముక్కా దిగడానికి ఒక్కో చోటన్నమాట. కార్డు ముక్కని అందులో దింపుతుంది. కెర్నెల్ దాన్ని ఎవరిదో వాళ్ళకి అందించి, ఖాళీ అయిన చోటు మళ్ళీ కార్డుకి ఇచ్చేస్తుంది. ఎవరో తిరిగివ్వట్లేదు. ఖాళీలన్నీ అయిపోయాక కొత్తగా వచ్చినవాటికి దిగే చోటుండదు. కార్డు అన్నీ పారేస్తోంది. చూడండి, పారేసిన లెక్క ఎలా పెరిగిపోతోందో.”

దక్షిణామూర్తి కళ్ళజోడు సర్దుకున్నాడు. “అంటే మా బొగ్గు వ్యాగన్ల లాంటిదే. దించుకున్నవాడు ఖాళీ వ్యాగన్లు వెనక్కి పంపకపోతే గని దగ్గర లోడింగ్ ఆగిపోతుంది. గనిలో ఏ లోపమూ ఉండదు.”

“అదేనండీ!”

“అయితే గని దగ్గర వెతక్కు. ఏ సైడింగులో ఆగిపోయాయో అది చూడు.”

“అది చూడ్డానికే ప్రతి బఫరుకీ ఒక చీటీ తగిలించాను, ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో తెలిసేలా. మీరు ప్లగ్గు పీకగానే ఆ చీటీలన్నీ గాల్లో కలిసిపోయేవి.”

ఆయన కుర్చీ ఇంకొంచెం ప్లగ్గు వైపు జరుపుకున్నాడు.

శ్రీలేఖ వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పుట్టి పెరిగింది సూరత్‌లోనే కాబట్టి ఆ పిల్ల నోట్లో మూడు భాషలు కలిసే తిరుగుతాయి. “వదినా, నా ఆన్‌లైన్ క్లాసు సగంలో పోయింది. వాంధో నహీ, పర్లేదులే, సార్ బోర్ కొడుతున్నాడు. కానీ ఎంతసేపు?”

కోమలి ఆమెని అనుమానంగా చూసింది. “నీ క్లాసులు గురువారం, ఆదివారం ఉండవు కదూ?”

“ఉండవు.”

“ఈ పెట్టె కూడా గురువారం, ఆదివారం ఆగలేదు.”

“ఓహో, నేరం నా మీద తోస్తున్నారా! నాన్నా, చూడు!”

కానీ చీటీలు వేరే మాట చెప్పాయి. బఫర్లన్నీ దాదాపు ఒకేచోట ఇరుక్కున్నాయి. ఇంట్లో వైఫై వాడే ఏదో ఒక పరికరం నిద్రపోతోంది. అది లేచి అడిగినప్పుడు ఇద్దామని దాని పేరిట వచ్చినవన్నీ పెట్టె దాచిపెడుతోంది. ఆ దాచడం విడిగా ఎక్కడో కాదు, కార్డుకి తిరిగివ్వాల్సిన బఫర్లలోనే. నిద్రపోయేది పూర్తిగా లేవడం లేదు. వచ్చేవి ఆగడం లేదు.

“ఎవరిది ఆ పరికరం?” అన్నాడు దక్షిణామూర్తి.

“పేరు తెలీదండీ, దాని నంబరే ఉంది. అన్నీ తెచ్చి చూడాల్సిందే.”

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన కోమలి భర్త భానుప్రకాశ్ గుమ్మంలో బూట్లు విప్పుతూనే ఫోను అప్పగించాల్సి వచ్చింది. భోజనాల బల్ల మీద ఫోన్లు, లాప్‌టాపులు, శ్రీలేఖ చేతి గడియారం కూడా వరసగా చేరాయి. పోలీసు స్టేషన్లో జప్తు చేసిన సొత్తులా ఉందన్నాడు భాను. కోమలి ఒక్కొక్కటే తీసి నంబరు చూసింది. ఒక్కటీ కలవలేదు.

“ఇంకేం లేవా?”

“ఇంకేం ఉంటాయి, మిక్సీ తేనా?” అంది వసంతలక్ష్మి. అని, ఒక్క క్షణం ఆగింది. “నా టాబ్లెట్ ఉంది గానీ, అది పూజగదిలో ఉంది. దాన్ని నేను మూడింటి తర్వాత ముట్టుకోనే లేదు.”

కోమలి లేవబోయింది. “నువ్వుండు, నేను తెస్తా,” అని ఆవిడే వెళ్ళి, పట్టుగుడ్డ కప్పి బోర్లించి ఉన్న టాబ్లెట్‌ని రెండు చేతులతో పట్టుకొచ్చింది. గుడ్డ తీసి బటన్ నొక్కింది.

తెర వెలిగింది. అందులో ఒక సీలింగ్ ఫ్యాను తాపీగా తిరుగుతోంది.

అదే క్షణంలో హాల్లో టీవీ గట్టిగా మాట్లాడేసింది. నోరు తెరిచి నిలబడిన అత్తగారు తిట్టాల్సిన తిట్టు పూర్తి చేసింది. బల్ల మీద ఫోన్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి టింగు టింగుమన్నాయి. లాప్‌టాప్‌లో ఖాళీ బఫర్ల లెక్క గబగబా పైకి ఎగబాకింది.

“నేను ముట్టుకోలేదు!” అన్నాడు దక్షిణామూర్తి రెండు చేతులూ పైకెత్తి.

టాబ్లెట్‌లోంచి ఒక పెద్దావిడ గొంతు వచ్చింది. “వసంతా, నువ్వేనా? ఇంకా ఉన్నావా అమ్మా?”

“ఉన్నానండీ, సుభాషిణిగారూ.”

“నేనూ ఉన్నాను. మనవడు ఇంకా రాలేదు.”

సంగతి అప్పుడు బయటపడింది. సూరత్‌లో ఉన్న తెలుగు ఆడవాళ్ళు కొందరు మధ్యాహ్నాలు వీడియో కాల్‌లో కలిసి పారాయణం చేస్తారు. గురువారాలు, ఆదివారాలు మాత్రం అందరూ గుడికే వెళ్తారు. పారాయణం, హారతి గంటలో అయిపోతాయి. కానీ కాల్ ఎవరూ ముందు పెట్టేయరు.

“అదేం పద్ధతమ్మా?” అన్నాడు భాను.

“పంక్తిలో పెద్దవాళ్ళు లేవకుండా విస్తరి ముందునుంచి లేచిపోతామా? ఇదీ అంతే. సుభాషిణిగారు అందరికన్నా పెద్ద. ఆవిడ కాల్ పెట్టేశాకే మేం పెట్టేయాలి.”

“మరి ఆవిడెందుకు పెట్టేయరు?”

“ఆవిడకి కాల్ చెయ్యడం వచ్చు, ఆపడం రాదు. మనవడు ట్యూషన్ నుంచొచ్చి ఆపుతాడు. అందాకా ఎవరి టాబ్లెట్లు వాళ్ళు బోర్లించి పనులు చూసుకుంటాం.”

శ్రీలేఖ అప్పటికే నవ్వలేక సోఫాలో కూలబడింది. అమ్మ టాబ్లెట్‌కి చార్జింగు త్వరగా అయిపోతోందని, తొందరగా నిద్రపోయేలా సెట్టింగు మార్చింది తనే. పాపం అది అప్పుడప్పుడు ఒక కన్ను తెరిచి ‘ఉన్నాను’ అని చెప్పి మళ్ళీ పడుకుంటోంది. ఇటు సుభాషిణిగారింటి సీలింగ్ ఫ్యాను మధ్యాహ్నమంతా దాని కోసం వచ్చి పెట్టెలో పోగుపడుతోంది.

కోమలికి సచిన్ మిల్లు కళ్ళ ముందు కనిపించింది. అక్కడ సూపర్‌వైజర్లకి యంత్రాల బొమ్మలు చూపించే టాబ్లెట్లున్నాయి. భోజనానికి వెళ్తూ వాటిని ఆపకుండానే లాకర్లో పడేస్తారు.

“తేలిపోయింది కదా,” అన్నాడు దక్షిణామూర్తి, ప్లగ్గుకి కట్టిన ఎర్ర టాగ్ విప్పబోతూ. “వసంతా, రేపట్నించి హారతి అవగానే కాల్ పెట్టెయ్. మిల్లు వాళ్ళకీ అదే చెబుతుంది కోమలి. సమస్య పరిష్కారం!”

వసంతలక్ష్మి మొహం చిన్నబోయింది. టాబ్లెట్ మీద గుడ్డ మళ్ళీ కప్పింది. “అంటే ఇన్నాళ్ళూ మీ అందరి పనులూ ఆపింది నేనన్నమాట. ఉద్యోగంలో అమ్మాయికి ఎంత కష్టమైందో...”

“లేదత్తయ్యా,” అంది కోమలి వెంటనే. “మీ తప్పేం లేదు. ఒకళ్ళు పడుకుంటే ఇంటిల్లిపాదీ పస్తుండేలా ఈ పెట్టెని తయారు చేసింది మేం. పడుకున్నవాళ్ళ కోసం ఎంత దాచాలో ఒక హద్దుండాలి. దాచేదేదో వేరే చోట దాచి, కార్డు చోటు కార్డుకి ఇచ్చెయ్యాలి. అది సరిచేస్తాను. మీరు ముందుగా కాల్ పెట్టేయొద్దు. మావయ్యగారూ, ఆ టాగ్ ఉండనివ్వండి.”

గురువారమంతా కోమలి తలెత్తలేదు. భాను సెలవు పెట్టి వంట చేశాడు. వంట అంటే, బజార్నించి శనగపిండి లోచో తెచ్చి దాని మీద సేవ్ చల్లి ఉల్లిపాయలు తరిగాడు. సాయంత్రానికి కొత్త డ్రైవరు పెట్టెలోకి ఎక్కింది. ఆ రోజు పారాయణం గుడిలో కాబట్టి పరీక్ష శుక్రవారానికే కుదిరింది.

శుక్రవారం రెండింటికి పూజగదిలోంచి ఆడవాళ్ళ గొంతులు ఒకదాని వెనక ఒకటి వినిపించాయి. హారతి గంట మోగింది. కోమలి హాల్లో బాసింపట్టు వేసుకుని లాప్‌టాప్‌లో ఖాళీ బఫర్ల గీత మీదే చూపు నిలిపింది. గీత కదల్లేదు. నాలుగైంది, ఐదైంది. టీవీ ఆగలేదు. శ్రీలేఖ క్లాసు ఆగలేదు. దక్షిణామూర్తి వార్తలు చూస్తూనే మధ్యమధ్య కోడలి వైపు చూసి తల పంకించాడు. కోమలికి గాల్లో తేలినట్టుంది. జితేందర్‌కి ఉత్తరం రాయడం మొదలుపెట్టింది. ‘కారణం తెలిసింది. సరిచేశాను. ఈ రోజు అదే పరిస్థితిలో పరీక్షించాను...’

వసంతలక్ష్మి టీ, నాన్‌ఖటాయీ బిస్కెట్లు తెచ్చి పక్కన పెట్టింది. “ఎలా ఉందమ్మా నీ పెట్టె?”

“బ్రహ్మాండంగా ఉందత్తయ్యా. మీ టాబ్లెట్ పడుకున్నా చెక్కు చెదరలేదు.”

వసంతలక్ష్మి కొంగు సర్దుకుంది. వెళ్ళకుండా అక్కడే నిలబడింది. “అది పడుకోలేదే,” అంది మెల్లగా. “హారతి అవగానే కాల్ పెట్టేశాను.”

కోమలి చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

“నువ్వొద్దన్నావనుకో. కానీ ఇవాళ నీకు ముఖ్యమైన రోజని భాను చెప్పాడు. నా వల్ల మళ్ళీ ఏమన్నా అవుతుందేమోనని భయమేసింది. సుభాషిణిగారికి ముందే ఫోన్ చేసి, ‘ఏమనుకోకండి, మా కోడలి ఉద్యోగం సంగతి, ఇవాళ నేను ముందు లేస్తాను’ అని చెప్పి మరీ పెట్టేశాను. ఆవిడ ‘సరే’ అన్నారు గానీ, గొంతు అదోలా ఉంది.”

దక్షిణామూర్తి టీవీ గొంతు తగ్గించాడు. కోమలికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసి అత్తగారి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది. నా కోసం పంక్తిలోంచి లేచారా అని అడుగుదామనుకుంది. నోట్లోంచి మాత్రం, “నాన్‌ఖటాయీ మీరూ తీసుకోండత్తయ్యా,” అన్న మాటే వచ్చింది.

తర్వాత, రాస్తున్న ఉత్తరంలో ‘పరీక్షించాను’ అన్న వాక్యం చెరిపేసింది. ఇక్కడి పరీక్ష చెల్లదని, ఇంకొంచెం వ్యవధి కావాలని రాసింది. ఐదు నిమిషాల్లో జితేందర్ ఫోన్ చేశాడు.

“కోమలీ, కారణం దొరికింది, మంచిదే. కానీ పరీక్ష కాలేదంటున్నవ్. నేనేం చెయ్యాలె? పైనోళ్ళు నన్ను పీక్కుతింటున్నరు. రీస్టార్ట్ ప్యాచ్ ఇయ్యాల పోనీ. నీది తర్వాత చూద్దాం.”

“తర్వాత ఎవరూ చూడరండీ. గంటకోసారి లేచి కూర్చుంటుంటే లోపల ఏం జరుగుతోందో ఇంక ఎవరికీ కనిపించదు.”

“జర ప్రాక్టికల్‌గా ఆలోచించు. డ్రైవరు నీది, ఓకే చెప్పాల్సింది నువ్వే. భోజనం చేసి చెప్పు.”

భోజనాల దగ్గర అందరూ ఒకేసారి మాట్లాడారు. పెద్దవాళ్ళతో వాదన పెట్టుకోకమ్మా అని వసంతలక్ష్మి, రాసిమ్మని అడుగు అని దక్షిణామూర్తి. శ్రీలేఖ అయితే ఇప్పుడే సుభాషిణిగారికి ఫోన్ చేసి ఫ్యాను చూపించమందామంది.

“బాగుందని చెప్పేయ్ కోమలీ,” అన్నాడు భాను. “నువ్వు సరిచేశాక అది ఆగదు. నీకూ తెలుసు.”

“ఆగదనే నా నమ్మకం కూడా.”

“మరింకేం?”

కోమలి చారు గిన్నె అత్తగారి వైపు జరిపింది. అప్పడం అందుకుంటున్న మావగారి చెయ్యి వెనక్కి వెళ్ళేదాకా ఆగింది. గొంతు పెంచలేదు.

“భోజనానికి కూర్చునే ముందే జితేందర్‌గారికి రాసి పంపేశాను. రీస్టార్ట్ ప్యాచ్ నా పేరుతో వెళ్ళదు, పంపాలనుకుంటే ఆయన పేరే పెట్టుకోమన్నాను. ఇంట్లో ఒక్క టాబ్లెట్‌తో చూస్తే చాలదు, సోమవారం నుంచి నేను సచిన్ వెళ్తున్నాను. కొత్త డ్రైవరు మిల్లులో ఉన్న పెట్టెకే ఎక్కించి, వాళ్ళ భోజనాల వేళ దాని పక్కనే కూర్చుని చూస్తాను. ఆగకుండా నడుస్తోందని తేలేదాకా రోజూ వెళ్తాను. పొద్దున్నే బస్సు, కాబట్టి మధ్యాహ్నాలు ఇంట్లో ఉండను. అత్తయ్యా, ఇంక మీరు నా కోసం పంక్తిలోంచి ముందు లేవక్కర్లేదు.”